ఆట లేని రోజున బావగారితో

పోయిన మంగళవారం పిస్కాటవేలో అక్కావాళ్ల ఇంటి తాళాలు ఏజెంటు చేతిలో పెట్టేసి, ఇక ఆ వీధిలో నాకు పనేమీ మిగల్లేదనుకుంటూ కారెక్కాను. ఎడిసన్‌లో మా ఇంటికి వెళ్లాలంటే సిగ్నల్ దగ్గర కుడివైపు తిరగాలి. ఏళ్ల తరబడి తిరుగుతున్న మలుపే. ఆ రోజు ఏ లోకంలో ఉన్నానో గాని తిన్నగా పోనిచ్చి, నది వంతెన దాటి, మూతబడ్డ మిల్లుల పక్కనుంచి వెళ్లి, చివరికి ఆ పాత బేస్‌బాల్ స్టేడియం పార్కింగ్ లాట్‌లో తేలాను. ఇంజన్ ఆపాక కూడా కాసేపు దిగబుద్ధి కాలేదు. ఈ మధ్య నాకు ఏ పనికైనా ముందు ఇలా కాసేపు ఊరికే కూర్చోవడం అలవాటైంది. మా ఆవిడ దీన్ని బద్ధకం అంటుంది, డాక్టరు వయసు అంటాడు, నేను అలసట అంటాను. మన ఈడువాళ్లకి ఈ మూడింటి సంగతీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అక్టోబరు నెల, పనిదినం, మధ్యాహ్నపు ఎండ. ఆట లేదు. పక్క గేటు ఎప్పటిలాగే ఓరగా తీసి ఉంది. లోపల మైదానంలో ఒకాయన గొట్టంతో మట్టి తడుపుతూ నన్ను చూసి చెయ్యెత్తాడు, నేనూ ఎత్తాను. అక్కడి మర్యాదలన్నీ అంతటితో సరి. అవే సిమెంటు మెట్లు, రంగు మీద రంగు వేసి వేసి మందమెక్కిన అవే ఆకుపచ్చ చెక్క కుర్చీలు, అవే రేకుల కప్పు, దాని దూలాల్లో కాపురమున్న అవే పావురాలు. ఒకప్పుడు ఇక్కడ ఊరి పేరు పెట్టుకున్న జట్టొకటి ఉండేదట, మా బావగారు దాని చివరి రోజులు చూశారు. ఆ జట్టు పోయాక హైస్కూలు పిల్లలూ, వేసవిలో కాలేజీవాళ్లూ ఆడుకునేవారు. దీన్ని పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడతారని చాలాకాలంగా అంటూనే ఉన్నారు, కట్టేవాళ్లకి తీరిక చిక్కినట్టు లేదు. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి, మూడో బేస్ వైపు నీడపడే వరుసలో మా చోటికి వెళ్లి కూర్చున్నాను.

బావగారంటే మా పెద్దక్క భర్త. అరవైల చివర్లో రీసెర్చి కోసం అమెరికా వచ్చి, మందుల కంపెనీలో కెమిస్టుగా కుదురుకున్న మనిషి. మధ్యలో ఒకసారి ఇండియా వచ్చి అక్కని పెళ్లి చేసుకుని తీసుకెళ్లేనాటికి నేను నిక్కర్లు వేసుకునే వయసులో ఉన్నాను. పెళ్లిలో ఆయన నాతో మాట్లాడిన మాటల్లో ఒక్కటే గుర్తు: ఫిజిక్సులో ఎన్ని మార్కులని అడిగారు. చెప్పాను. అంతే, మళ్లీ పాతికేళ్లపాటు మా మధ్య పెద్దగా మాటల్లేవు. నేను హైదరాబాదులో ఒక ప్రభుత్వ సంస్థలో కంప్యూటర్ సెక్షన్‌లో చేరి, కోబాల్ భాషలో ప్రోగ్రాములు రాసుకుంటూ, ఇన్‌క్రిమెంట్లు లెక్కపెట్టుకుంటూ, అక్కడే రిటైరవుతానని నమ్మకంగా ఉన్నవాణ్ని. ఇంతలో రెండువేల సంవత్సరం వస్తోంది, పాత కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని లోకమంతా గగ్గోలెత్తింది. కుర్రకారు మొహం చూడని నా కోబాల్‌కి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. నలభై దాటాక, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని, మీసాలు సరిగ్గా రాని పిల్లల పక్కన విమానంలో కూర్చుని వచ్చాను. వాళ్లు నన్ను అంకుల్ అనాలో, అన్నా అనాలో తేల్చుకోలేక అసలు పిలవడమే మానేశారు.

వచ్చిన కొత్తలో బావగారు నన్ను ఈ స్టేడియానికి తీసుకొచ్చారు. ఆయనకి బేస్‌బాల్ అంటే ప్రాణమని అక్క చెప్పేది. నాకేమో క్రికెట్ తప్ప వేరే ఆట తెలియదు. బంతి బ్యాట్‌కి తగలగానే వాడు బ్యాటు అవతల పారేసి ఎందుకు పరుగెడుతున్నాడు, కావాలంటే నిలబడి ఇంకో బంతి ఆడుకోవచ్చు కదా అని నేను అడిగితే బావగారు నా వంక జాలిగా చూశారు. ఈ ఆటలో బ్యాటు పట్టుకున్నవాడి మొహం ఈశాన్యానికి ఉండేలా మైదానం కడతారట, సాయంత్రపు ఎండ కళ్లలో పడకుండా. ఇంటికెళ్లాక ఈ మాట చెబితే అక్క, అయితే కట్టినవాడికి వాస్తు బాగానే తెలుసన్నమాట అంది. బావగారికి ఒళ్లు మండిపోయింది. వాస్తు, వర్జ్యం, రాహుకాలం ఇలాంటి మాటలు ఆయన చెవిన పడితే చాలు, చేతిలో పని వదిలేసి గదిలోంచి వెళ్లిపోయేవారు. దేవుడి గదికి గుమ్మం అవతలనుంచి పేపరు చదువుకుంటూనే దణ్ణం పెట్టే రకం.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆయన ఆట ఉన్న రోజుకన్నా ఆట లేని రోజునే అక్కడికి వెళ్లడం ఇష్టపడేవారు. ఒక థర్మాస్‌లో కాఫీ పోసుకుని, టోపీ పెట్టుకుని, ఆ చెక్క కుర్చీలో కూర్చుని ఖాళీ గడ్డి వంక చూస్తూ గంటలు గడిపేవారు. ఆ గడ్డిలో ఏం కనిపిస్తుందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. అడగలేదు కూడా. పెద్దవాళ్ల అలవాట్లకి కారణాలు అడిగే చొరవ మా తరంలో ఎవరికుంది.

రెండువేల రెండులో నా ప్రాజెక్టు అయిపోయింది. ఆ రోజులు మీలో ఇక్కడున్నవాళ్లకి గుర్తుండే ఉంటాయి. కంపెనీలు వరసగా మూతబడుతున్నాయి, రైల్వే స్టేషన్ల పార్కింగ్ లాట్లలో ఖాళీలు కనబడటం మొదలైంది, మనవాళ్ల కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు కొనేటప్పుడు కూడా మొహాలు ఎవరివి వాళ్లు తప్పించుకునేవాళ్లు. మమ్మల్ని ఈ దేశానికి తెచ్చిన కన్సల్టెన్సీ యజమాని వరంగల్ వైపు కుర్రాడు, మనిషి మంచివాడే. ఫోన్ చేసినప్పుడల్లా ఒకే పాట: “అన్నా, మార్కెట్ మస్తు డల్ ఉన్నది. కోబాల్ రిక్వైర్‌మెంట్స్ ఎక్కడ కూడా వస్తలేవు. మంత్ ఎండ్ దాకా చూస్త, ఆ తర్వాత వీసా క్యాన్సిల్ చెయ్యక తప్పదన్నా, నేను కూడా ఏం చెయ్యలేను.” వీసా పోతే మేం ముగ్గురం వెనక్కి పోవాలి. వెనక్కి పోతే నాకక్కడ ఉద్యోగం లేదు, రాజీనామా ఇచ్చిన కుర్చీలో ఎవరో ఎప్పుడో కూర్చున్నారు. మా అమ్మాయి ఇక్కడి హైస్కూలు ఆఖరి ఏడాదిలో అడుగుపెట్టబోతోంది; ఇటు చదువు పూర్తికాదు, అటు ఇంటర్మీడియట్‌లో ఎవరూ చేర్చుకోరు. అది మాత్రం ఏమీ ఎరగనట్టు నవ్వుతూ తిరిగేది, రాత్రిళ్లు వాళ్లమ్మ పక్కన చేరి గుసగుసగా అడిగేదట, నాన్నకి దొరికిందా అని.

అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి అక్కావాళ్ల బేస్‌మెంట్‌లోకి మారాం. అక్క మమ్మల్ని కడుపులో పెట్టుకుని చూసుకుంది, అందులో అనుమానం లేదు. కానీ గుడికి వెళితే, పుట్టినరోజు పార్టీకి వెళితే, ఎవరి గృహప్రవేశానికి వెళితే వాళ్లు, నమస్కారం పెట్టిన చెయ్యి దించకముందే, ఏ ప్రాజెక్టులో ఉన్నారండీ అని అడిగేవారు. అందులో దురుద్దేశమేమీ లేదు, మనవాళ్లకి కుశలప్రశ్న అదే. అయినా ఆ ప్రశ్న వినబడగానే నేను చెప్పులెక్కడ విడిచానా అని వెతుక్కునేవాణ్ని. అప్పుడు అర్థమైంది బావగారు ఆ ఖాళీ స్టేడియానికి ఎందుకు వెళతారో. లేదా అర్థమైందని నేననుకున్నాను. రోజూ ఆయన వెంట వెళ్లి పక్కన కూర్చునేవాణ్ని. ఆయన నన్ను ఉద్యోగం సంగతి ఒక్కసారి కూడా అడగలేదు. థర్మాస్ మూతలో కాఫీ పోసి ఇచ్చేవారు. ఎప్పుడైనా ఒకటీ అరా మాట, అదీ పావురాల గురించో, వానొస్తుందేమోననో. ఆ వేసవంతా నేను ప్రశాంతంగా ఊపిరి పీల్చుకున్న చోటు అదొక్కటే.

మా అక్కకి ఒక పట్టింపు ఉంది. ఇంట్లో ఎవరు ముఖ్యమైన పనిమీద బయల్దేరినా తాను ఎదురు రావాలి. మా చిన్నతనంలో పరీక్షలకి వెళ్లేటప్పుడు అమ్మ వచ్చేది. అమెరికాలో ఆ పద్ధతి ఎలా సాగుతుందంటే, గరాజ్ తలుపు ఎత్తగానే అక్క ముందు తలుపులోంచి పరుగున వెళ్లి, లాన్ చుట్టూ తిరిగి, మెయిల్‌బాక్స్ దగ్గర్నుంచి చేతిలో నీళ్ల చెంబుతో డ్రైవ్‌వేలోకి నడిచొచ్చేది. చలికాలంలో అయితే కోటూ, బూట్లూ, మెడకి మఫ్లరూ, చేతిలో చెంబూ. ఎదురింటి తెల్లాయన కిటికీలోంచి గుడ్లప్పగించి చూసేవాడు. బావగారు మాత్రం ఆ తతంగం జరుగుతున్నంతసేపూ కారులో తల వంచుకుని, రోడ్డు మీద నా పరువు తీయకపోతే దీనికి తోచదు అని సణుక్కునేవారు. ఆ వేసవిలో నేను వెళ్లిన ఇంటర్వ్యూలన్నిటికీ అక్క ఎదురొచ్చింది. ఒక్క ఉద్యోగమూ రాలేదు. అయినా ఎదురు రాకుండా వెళ్లే ధైర్యం నాకు లేకపోయింది. నమ్మకమని చెప్పలేను, మునిగేవాడికి ఏది దొరికితే అది పట్టుకోవాలనిపిస్తుంది, అంతే.

అలా ఉండగా శ్రావణమాసం వచ్చింది. నెలాఖరు దగ్గర పడింది. వరలక్ష్మీవ్రతం శుక్రవారం నాడు మధ్యాహ్నం ఒక ఇన్సూరెన్స్ కంపెనీవాళ్లు ఫోన్‌లో ఇంటర్వ్యూ చేస్తారని కన్సల్టెన్సీ కుర్రాడు కబురు చెప్పాడు. ఇదే లాస్ట్ అన్నా, మంచిగ మాట్లాడు అన్నాడు. బేస్‌మెంట్‌లో నా సెల్‌ఫోన్‌కి సిగ్నల్ అందదు. మేడమీద చూస్తే పేరంటం. సెలవుపెట్టి వచ్చిన ఆడవాళ్లు హాలు నిండా పట్టుచీరలతో కూర్చుని ఉన్నారు, వాళ్ల పిల్లలు మెట్లమీద ఎక్కుతూ దిగుతూ కేకలు వేస్తున్నారు, కలశం ముందు కూర్చున్న అక్క కథ చదువుతోంది, మా ఆవిడ తాంబూలాలు సర్దుతోంది. నేను దిక్కులు చూస్తుంటే బావగారు కారు తాళాలు తీసుకుని, పదవోయ్, మన చోటికి పోదాం, అక్కడ సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంటుంది అన్నారు. గుమ్మం దాటుతూ వెనక్కి చూశాను. అక్క కథ మధ్యలో ఉంది, లేవకూడదు. కళ్లెత్తి నన్ను చూసింది, పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆ రోజు ఎవరూ ఎదురు రాలేదు.

స్టేడియంలో ఆ వేళప్పుడు మేమిద్దరమే. కాలేజీవాళ్ల ఆటలు అంతకు ముందే అయిపోయాయి. ఎండ ఫెళ్లున కాస్తోంది, గడ్డి మీద ఒక పక్షి కూడా వాలలేదు. ఫోన్ రావడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. నా అరచేతులు చెమటతో తడిసిపోయి ఫోను జారిపోతుంటే రుమాలుతో తుడుస్తున్నాను. ఊరికే మాటవరసకి అన్నట్టు, ఇవాళ అక్క ఎదురు రావడం కుదర్లేదండీ అన్నాను. బావగారు థర్మాస్ మూత బిగిస్తూ, “చదువుకున్నవాడివి, నీకెందుకోయ్ ఈ పిచ్చి” అన్నారు. నాకు సిగ్గేసింది. ఆయన ఎదుట మాట్లాడలేనని, కాస్త అవతల, పైవరుస చివర నీడగా ఉన్న చోట మాట్లాడతానని చెప్పి లేచాను. రెజ్యూమె కాగితాలు, కళ్లజోడు, నీళ్ల సీసా, అన్నీ పోగేసుకుని నిలబడేసరికి పక్కకి చూస్తే బావగారు లేరు. బాత్రూంకి వెళ్లారేమో అనుకున్నాను.

మెట్ల దారిలోకి తిరిగి నాలుగడుగులు వేశాను. అటు చివర మలుపులోంచి బావగారు నాకు ఎదురుగా నడిచొస్తున్నారు. ఆయన చివరి మెట్టు దాకా దిగి, కింద కటకటాల పక్కనుంచి చుట్టు తిరిగి, అవతలి మెట్లెక్కి వచ్చారు. అప్పటికే డెబ్బైకి దగ్గరపడుతున్న మనిషి, ఆయాసపడుతున్నారు. టోపీ సర్దుకుంటూ, నావంక చూడకుండా, కప్పులో పావురాల వంక చూస్తూ, చేతిలో కాఫీ థర్మాస్‌తో తిన్నగా వచ్చి, నా పక్కనుంచి దాటుకుని వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు. శాస్త్రం ప్రకారం ఎదురు రావలసింది ముత్తయిదువ, చేతిలో ఉండవలసింది నీళ్లచెంబు. టోపీ పెట్టుకున్న రిటైర్డ్ కెమిస్టు ఒక్కడూ కాఫీ పట్టుకుని ఎదురొస్తే శుభమో అశుభమో ఏ పంచాంగంలోనూ రాసి ఉండదు. ఆ పద్ధతిని ముప్ఫై ఏళ్లుగా తల వంచుకుని తిట్టారే తప్ప ఒక్కసారి తలెత్తి చూస్తే కదా ఆయనకి తెలిసేది. నాకు నవ్వు రావాలి. కళ్లలో నీళ్లు వచ్చాయి.

ఫోను మోగింది. అవతలివాళ్లు ఇద్దరు, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. నమస్కారాలు అయ్యాయో లేదో కింద మైదానంలో గడ్డికోసే బండి భళ్లున మొదలైంది. నాకు వాళ్ల మాట వినబడటం లేదు, వాళ్లకి నా మాట వినబడటం లేదు, ఆవిడ రెండుసార్లు హలో హలో అంది. నా పని అయిపోయిందనుకున్నాను. చూస్తే బావగారు మళ్లీ లేచారు. కటకటాల తలుపు తోసుకుని, ఎప్పుడూ కాలుపెట్టని ఆ గడ్డి మీదకి దిగి, రుమాలు ఊపుకుంటూ బండికి అడ్డంగా వెళ్లి నిలబడ్డారు. బండివాడు ఆపాడు. ఏం చెప్పారో నాకు తెలియదు, చేత్తో నావైపు చూపించారు. వాడు బండి దిగి, ఆ గడ్డిలోనే కూర్చుని సిగరెట్ వెలిగించుకున్నాడు. నేను మాట్లాడినంతసేపూ వాళ్లిద్దరూ అక్కడే ఉన్నారు, ఒకరు కూర్చుని, ఒకరు నిలబడి, ఎండలో. అడిగినవన్నీ నాకు తెలిసినవే. హైదరాబాదులో నేను అన్నేళ్లు చేసిన పనే. వాళ్లు థాంక్యూ చెప్పి పెట్టేశారు.

నేను కిందికి దిగాను. బావగారు ఎలా జరిగిందని అడగలేదు. చెవులు ఎండకి ఎర్రగా కందిపోయాయి. ఇంటికి పోదామా, ఈపాటికి పూర్ణాలు చల్లారిపోయుంటాయి అన్నారు. ఇంట్లో అక్క చేతికి తోరంతో గుమ్మంలోనే కనిపెట్టుకుని ఉంది. తరవాతి వారంలో కన్సల్టెన్సీ కుర్రాడి ఫోన్ వచ్చింది. “అన్నా, కొట్టేసినవ్ పో. సోమవారం జాయినింగ్” అన్నాడు. మా అమ్మాయి అప్పుడు ఏడ్చింది. అన్నాళ్లూ ఏడవని పిల్ల, ఉద్యోగం వచ్చాక బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. మా ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టింది. అక్క అందరికీ ఫోన్లు చేసి అమ్మవారి మహిమ అని చెప్పింది. బావగారు ఎదురొచ్చిన సంగతి నేనెవరికీ చెప్పలేదు, అక్కకి కూడా. ఆయన చెప్పొద్దనలేదు, చెప్పాలని నాకూ అనిపించలేదు.

ఆ తరవాతిది పెద్దగా కథేం కాదు. ఎడిసన్‌లో ఇల్లు తీసుకున్నాం. పొద్దున్నే రైలు, సాయంత్రం రైలు, మధ్యలో పాత ప్రోగ్రాములు. చలికాలంలో మంచు తవ్వుకోవడం, వేసవిలో గడ్డి కోసుకోవడం, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూడటం, అది వచ్చాక మోకాళ్ల నొప్పుల కోసం డాక్టర్ల చుట్టూ తిరగడం. అమ్మాయి చదువుకుని బోస్టన్ వెళ్లింది, దాని సంసారం దానిది. కానీ ఎంత పనున్నా నెలకోసారో రెండుసార్లో సెలవు చూసుకుని బావగారితో స్టేడియానికి వెళ్లడం మాత్రం మానలేదు. ఆట ఉన్న రోజు ఎవరో ఒకరు తోడొస్తామనేవారు. ఆట లేని రోజు మేమిద్దరమే.

పోయిన ఏడాది చలికాలంలో బావగారు మంచు తవ్వుతూ జారిపడ్డారు. ఎముక విరగలేదు గాని, అరిజోనాలో చాండ్లర్‌లో ఉంటున్న మా మేనకోడలు ఆ రోజే విమానమెక్కి వచ్చేసింది. అది ఇక్కడే పుట్టిన పిల్ల, కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే కంపెనీలో పెద్ద ఉద్యోగం. నన్ను పక్కకి పిలిచి, “మామయ్యా, మా దగ్గర స్నో లేదు, షవలింగ్ లేదు, ఇల్లు వన్ స్టోరీ. నువ్వు చెప్పు నాన్నకి. నీ మాట వింటాడు, ప్లీజ్” అంది. ఆ పిల్ల చెప్పింది న్యాయమే. ఎనభై దాటిన ఆయనా, అక్కా మెట్లున్న ఇంట్లో ఎన్నాళ్లుంటారు? నేనే చెప్పాను. బావగారు విని, సరేలే అన్నారు. అంత త్వరగా ఒప్పుకుంటారని నేననుకోలేదు. నాతో వాదిస్తారని ఎక్కడో ఆశ ఉన్నట్టుంది.

ఇల్లు సర్దేటప్పుడు నేనూ మా ఆవిడా సాయం వెళ్లాం. అక్క దేవుడి పటాలు ఒక్కొక్కటీ పాత చీరల్లో చుడుతోంది. చుడుతూ చుడుతూ ఆగి, ఎందుకు గుర్తొచ్చిందో ఆ వరలక్ష్మీవ్రతం సంగతి ఎత్తింది.

“ఆ రోజు మీరిద్దరూ స్టేడియం నుంచి వచ్చారు చూడు, నువ్వు బేస్‌మెంట్‌లోకి దిగిపోయాక మీ బావగారు దేవుడి గదిలోకి వచ్చి నిలబడ్డారురా. ముప్ఫై ఏళ్లలో ఎన్నడూ లోపలికి అడుగు పెట్టని మనిషి! ఏవండీ, ఒంట్లో బాలేదా అన్నాను. వీడు కూడా వెళ్లిపోతే మళ్లీ మనిద్దరమేనా అన్నారు. అంతే అన్నారు.”

చేతిలో టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాకు తెలిసిన సంగతులే ఒకదాని వెంట ఒకటి వేరే మొహంతో కనబడ్డాయి. వాళ్లు వచ్చిన కొత్తలో తెలుగు మాట వినాలంటే ఫోన్ డైరెక్టరీలో రావుల్నీ, రెడ్లనీ వెతికి, మీరు మనవాళ్లేనా అని ఫోన్ చేసేవారని అక్క నవ్వుతూ చెప్పేది. అలా దొరికినవాళ్లతో స్నేహం కుదిరి, పిల్లలు కలిసి ఆడుకునేదాకా వచ్చాక, ఒకాయనకి టెక్సస్‌లో ఉద్యోగం, ఇంకొకాయనకి కాలిఫోర్నియా, మరొకాయన హార్ట్ ఎటాక్‌తో పోతే ఆవిడ పిల్లల్ని తీసుకుని విజయవాడ. ప్రతిసారీ బావగారే వాళ్ల ట్రక్కుల్లో సామాను ఎక్కించి, చెయ్యి ఊపి, మర్నాడు ఆ స్టేడియానికి వెళ్లి కూర్చునేవారట. ఇది కూడా అక్క ఆ రోజే చెప్పింది. ఆట మీద ప్రేమ అనుకున్నాను ఇన్నాళ్లూ. నా ఉద్యోగం కోసం, నా కూతురి చదువు కోసం ఆ పెద్దాయన అంత ఎండలో తిరిగారనుకున్నాను. నా కోసమే, అందులో అబద్ధం లేదు. కానీ ఆయన కోసం కూడా. నేను వెళ్లిపోతానేమోనని నాకన్నా ఆయనే ఎక్కువ భయపడ్డారు. నాకేమో ఆ వేసవంతా ఈ లోకంలో నాకొక్కడికే కష్టం వచ్చిందని నమ్మకం.

ఈ సంగతి నాకు తెలిసినట్టు బావగారితో అనలేదు. వెళ్లే ముందు రోజు ఇద్దరం స్టేడియానికి వచ్చాం. కాఫీ తాగాం. పావురాలు ఎక్కువైపోయాయోయ్ అన్నారు. అవునండీ అన్నాను. మర్నాడు నెవార్క్ ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ వద్దని పేచీపెట్టి, చివరికి కూర్చుని, లోపలికి వెళ్లేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తారు. చాండ్లర్‌లో ఎండల గురించి చెబుతారు. అక్కడ పెద్ద జట్లన్నీ చలికాలం చివర్లో ప్రాక్టీసుకి వస్తాయట, స్టేడియాలు కొత్తవట, కుర్చీలు మెత్తగా ఉంటాయట, అల్లుడు తీసుకెళ్తానన్నాడట. వెళ్లారా అంటే, చూద్దాంలే, వీడు పక్కన కూర్చుంటే ఆపకుండా మాట్లాడతాడోయ్ అన్నారు.

పోయిన మంగళవారం ఆ కుర్చీలో కూర్చుని నేను ఇవన్నీ తలుచుకున్నాను. కాఫీ లేదు, తెచ్చుకోవాలని తోచలేదు. బావగారి కాలంలో రోడ్డు మీద చీర కనబడితే కారాపి పలకరించేవారట. ఇప్పుడు ఎడిసన్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడితే నా ముందూ వెనకా తెలుగే. గుడిలో తెలుగు, కిరాణా కొట్టులో తెలుగు, ఆసుపత్రిలో సూది గుచ్చే అమ్మాయి కూడా, బాబాయ్ గారూ చెయ్యి వదులుగా పెట్టండి అంటుంది. మాటలకి ఈ ఊళ్లో కరువు లేదు. ఇంటికి వెళితే మా ఆవిడ ఇంతసేపూ ఎక్కడికి పోయావని అడుగుతుంది, శనివారం పార్టీలో రిటైర్‌మెంట్ ఎప్పుడండీ అని అడుగుతారు, అన్నిటికీ నవ్వుతూ జవాబు చెప్పాలి. ఆ మైదానం తడిపే ఆయన గొట్టం చుట్టేసి వెళ్లిపోయాక కూడా నేను అక్కడే కూర్చున్నాను. నన్ను ఏమీ అడగకుండా పక్కన కూర్చునే మనిషి ఒకే ఒక్కరు ఉండేవారు, వెళ్లమని ఆయనకి చెప్పింది నేనే.